సర్వర్ గది ఏసీ ఆపేశాను నాయినా

నాయినా,

నువ్వు పోయి ఏడాదైంది. మన ఆఫీసు సర్వర్ గదిని ఈ రోజు మూసేశాం. నువ్వు అన్నేళ్లు ఏసీలు చూసుకున్న గది. కంపెనీ ఫైళ్లన్నీ క్లౌడ్‌లోకి, అంటే చాలా కంపెనీలు కలిసి వాడుకునే పెద్ద కంప్యూటర్లలోకి మార్చాం. అక్కడా కరెంటు కావాలి, కానీ మన వాటా చాలా తక్కువ. ఇక్కడి జనరేటర్ పొగ కూడా తగ్గుతుంది.

"మన చాల్‌ల ఉన్న ఇండ్లన్నిటి కన్నా ఆ గదే ఎక్కువ కరెంటు తింటది బిడ్డా, ఎవ్వరు లేకున్నా తింటనే ఉంటది" అని కామాటిపురలో ఇంటికొచ్చి బాధపడేవాడివి. ఇలా మార్చొచ్చని ఐటీ సెక్షన్‌లో చేరిన కొత్తలోనే నాకు తెలుసు. నీ పని పోతుందన్న భయంతో ఎవరికీ చెప్పలేదు, నీకు కూడా. నువ్వు పోయిన నెలకు, ఇలా మారుద్దామని నేనే సాబుకు రాసిచ్చాను.

స్విచ్ నాతోనే ఆపించారు. వాచ్‌మన్ యాదయ్య మామ తలుపు దగ్గర నిలబడి, "మీ నాయిన ఉంటే ఖుషీ అవుతుండె" అన్నాడు.

"ఏమో మామా" అన్నాను.

ఏడుపు రాలేదు. ఆ చలికి నువ్వు వేసుకునే స్వెట్టర్ ఇంకా లోపల మేకుకే ఉంటే తీసి ఒళ్లో పెట్టుకున్నాను. ఆ గది చల్లదనం పూర్తిగా పోవడానికి గంట పట్టింది. అంతసేపూ లోపలే కూర్చున్నాను.