మానిన పుండు

1962 జూన్ 4, సోమవారం

జగ్గయ్యపేట సున్నపు బట్టీ మానేశాను. నందిగామ అవతల, మునేటి ఒడ్డున ఉన్న ఈ పిచ్చివాళ్ల ఆశ్రమంలో వార్డు పనికి చేరాను. మేనేజరు కొండలరావు పేరు కూడా అడగలేదు. ఒరేయ్ సున్నపోడా, పెంట ఎత్తుతావా అన్నాడు. ఎత్తుతానండి అన్నా. లోపల ఉన్న దేవమణి మా అక్క అని చెప్పలేదు. చెబితే రానివ్వడు.

జూన్ 5

రేకుల షెడ్డు. పదకొండు మంది ఆడవాళ్లు. అందరి కాళ్లకీ గొలుసులే. అక్క నన్ను చూసి, దాసూ, అన్నం తిన్నావా అంది. తన గంజి నా వైపు జరిపింది. మడమ మీద గొలుసు ఒరుసుకుని పుండు. ఈగలు. పురుగులు.

పిచ్చి అని చెప్పింది డాక్టరు కాదు, బావ. బిడ్డ పోయాక మూడు నెలలు మాట్లాడకపోతే పిచ్చా?

అదే రోజు, సాయంత్రం

తీసుకుపోతానంటే కుదరదట. చేర్చినవాడే సంతకం పెట్టాలని వంటమనిషి సుబ్బమ్మ చెప్పింది. చేర్చింది బావ. వాడికి చందర్లపాడులో రెండో పెళ్లి కూడా అయిపోయింది. ఇక ఒకటే దారి. మూడు నెలలకోసారి బెజవాడ నుంచి గవర్నమెంటు డాక్టరు ఇన్‌స్పెక్షన్‌కి వస్తాడు. ఇక్కడ సరిగా చూడటం లేదని ఆయన రాస్తే విడుదల. వచ్చేది పదహారున. నీకు దణ్ణం పెడతా, నోరు మూసుకుని ఉండరా నాయనా అని కూడా అంది.

జూన్ 6

అర్జీ రాశాను. నేను బడికి పోలేదు. సున్నం బస్తాల మీద చూసి నేర్చిన అక్షరాలే. మహారాజశ్రీ అని మొదలుపెట్టి కొట్టేశా. డాక్టరుగారూ, మా అక్క దేవమణి కాలు చూడండి అని రాసి పోస్టులో వేశా.

జూన్ 7

చూస్తూ ఊరుకోలేకపోయా. బట్టీలో ఒళ్లు కాలితే మేం రాసుకునే మందు ఒకటుంది. సున్నపు తేటలో కొబ్బరినూనె పోసి వెన్నలా అయ్యేదాకా గిలకొట్టాలి. వేపాకు నీళ్లతో కడిగి, పురుగులు ఏరి, రాశాను. గొలుసు కింద నా పాత పంచె చుట్టాను. అక్క అరవలేదు. నా తల మీద చెయ్యి పెట్టింది.

జూన్ 11

రెండు పూటలా రాస్తున్నా. మిగతా వాళ్లూ కాళ్లు చాపుతున్నారు. ఎవరికని లేదంటాను?

జూన్ 15

కొండలరావు గొలుసులు బండికెత్తించి కీసర పొలానికి పంపాడు. కొత్త చీరలు పంచాడు. లోపల నవ్వుకున్నా. గొలుసు పోతే మాత్రం, పుండు ఎక్కడికి పోతుంది?

జూన్ 16, శనివారం

డాక్టరు వచ్చాడు. చేతిలో నా అర్జీ. మంచివాడు. అదే నా ఏడుపు. మట్టిలో గొంతుక్కూర్చుని అక్క కాలు అటూ ఇటూ తిప్పి చూశాడు. కొత్త తోలు. చుట్టూ నల్లమచ్చ. పదకొండు మందివీ చూశాడు. అందరివీ మానినవే.

నిన్నటిదాకా గొలుసులున్నాయండీ అని అరిచా. ఏవీ అన్నాడు. వీడిక్కూడా ఓ మంచం వెయ్యాలండి డాక్టరుగారూ అన్నాడు కొండలరావు. అంతా నవ్వారు.

ఇక్కడ ఎలా చూస్తున్నారమ్మా అని డాక్టరు అక్కనే అడిగాడు. అక్క నన్ను చూసింది. రోజూ కడుగుతారండి, మందు రాస్తారండి అంది.

రిపోర్టు గుమాస్తా చదివి వినిపించాడు. రోగుల సంరక్షణ తృప్తికరం. వార్డు పనివాడి సేవ మెచ్చదగినది.

నా సేవ! నా చేతులు నరుక్కోవాలి.

జూన్ 17

గొలుసులు తిరిగొచ్చాయి. నన్ను తీసెయ్యలేదు. పరువు నిలబెట్టావురా సున్నపోడా అన్నాడు కొండలరావు. వాడి గొంతు పట్టుకునేవాణ్ణే. పట్టుకుంటే అక్క దగ్గర ఎవరుంటారు?

ఆగస్టు 20

అక్కకు గొలుసు రెండో కాలికి మార్చారు. మళ్లీ పుండు. మళ్లీ కడుగుతున్నా.

సెప్టెంబరు 3

డాక్టరు పదిహేనున వస్తాడట.

సెప్టెంబరు 8

నాలుగు రోజులైంది. కడగటం లేదు. ఇవాళ అక్క నన్ను చూసి కాలు చాపింది. ఆ పక్క ఊడవకుండానే వచ్చేశా.