కొబ్బరిపొట్టు ఇటుకకు తాపీ వద్దు

మామయ్యా,

డ్యూటీకి టైమైంది, వెళ్తున్నాను. కొబ్బరిపొట్టు ఇటుకను పెద్ద టబ్బులో పెట్టాను. దాని మీద అయిదు చెంబుల గోరువెచ్చని నీళ్లు పోసి వదిలేయండి. సుత్తి జోలికి పోకండి, అరగంటలో అదే ఉబ్బి విచ్చుకుంటుంది. అప్పుడు వేళ్లతో గడ్డలు చిదిపి, ఎరువు కలిపి, కుండీల్లో వదులుగా నింపండి. టమాటా నారు ఇవాళే నాటాలి, రేపటికి ఆగదు.

అసలు మాట ఇది: పైనుంచి అణచకండి. పోయినసారి మీ నలభై ఏళ్ల మేస్త్రీ పనితనమంతా చూపించి, పొట్టును గచ్చులా దిమ్మిస కొట్టి, తాపీతో నున్నగా తీర్చారు. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. మిరప నారు మాత్రం వేరు కదపలేక వారంలో చచ్చింది. ఆ తర్వాత రెండు రోజులు మీరు బాల్కనీ వైపే రాలేదు. మిరప పోయినదానికన్నా నాకు అదే ఎక్కువ బాధేసింది.

అందుకే మీ తాపీ దాచేశాను. వెతక్కండి. ఈసారి కాయలు కాసి తీరతాయి, పూచీ నాది.

మీ కోడలు

సరేలెండి, తాపీ కుట్టుమిషన్ సొరుగులో ఉంది. నాటడం అయ్యాకే తీయండి. సాయంత్రం దాన్ని ఓసారి తుడవందే మీకు పొద్దుపోదని నాకు తెలియదా!