ఉంగరం వేలి దారం

ఫోర్ట్ కానర్, ఒహాయో
6 మే 1882

ప్రియమైన విన్నీకి,

నేను కులాసా. మా నీలిమేజోళ్ల బేస్‌బాల్ జట్టూ కులాసా, నిన్న నెగ్గాం. మీ ఇంటి ఆచారం ప్రకారం పెళ్ళికొడుక్కీ ఉంగరం ఉండాలన్నావుగా, వేలికి దారం చుట్టి కొలత పంపుతున్నాను. పెళ్ళిరోజుకి, జూన్ ఇరవైకల్లా చేయించు.

ఇక్కడో వింత! మొదటి బేస్ దగ్గర ఆడే ఎమిల్ వోగెల్ అనే మహానుభావుడు చేతికి తోలు గ్లౌజు తొడుక్కుని మైదానంలోకి దిగాడు. "అమ్మమ్మా, అల్లిక సూదులు మర్చిపోయావే!" అని జనం ఒకటే గోల. మేనేజర్ని కదా, ఆ గ్లౌజు లాగి దుమ్ములో పడేసి వాణ్ణి బెంచీ మీద కూర్చోబెట్టాను. బ్యాటు వెనక నిలబడే క్యాచర్ని, నేనే వట్టి చేతులతో బంతులు పడుతుంటే వాడికేం రోగం?

నీ కోర్మాక్

తా.క.: నా చిటికెన వేలు కాస్త పక్కకి చూస్తోంది. పట్టించుకోకు.

గ్లవర్స్‌విల్
13 మే

వట్టిచేతుల వీరుడు కోర్మాక్ డెలానీ గారికి,

దారం అందింది. కంసాలి చూసి "ఇది పెళ్ళికొడుకుదేనా, గుర్రానిదా?" అన్నాడు. పొద్దస్తమానం గ్లౌజులు కుట్టేదాన్ని, నాకా వేళ్ల కొలతలు తెలియనిది? చలికాలంలో మీ వేలు ఇంత లావు లేదు. మళ్ళీ తాగుతున్నారన్నమాట! చర్చి ఫాదర్ ముందు వేసిన ఒట్టు ఏమైంది?

వినిఫ్రెడ్

తా.క.: బెంచీ మీది అమ్మమ్మకి ఎన్ని వేళ్లు విరిగాయి? ఊరికే అడిగాను.

ఫోర్ట్ కానర్
21 మే

ప్రియమైన విన్నీకి,

తాగడమా! గ్లాసు పట్టుకోవడానికి వేళ్లు వంగితే కదా. బంతి దెబ్బలకి నాలుగు వాచాయి, అంతే. కొత్త దారం పంపుతున్నాను, చూసి కంగారుపడకు.

కోర్మాక్

తా.క.: వోగెల్‌కి ఒక్కటీ విరగలేదు. సిగ్గులేని మనిషి.

గ్లవర్స్‌విల్
29 మే

అయ్యా,

మీది కోడి గీకిన రాత. మొన్నటి ఉత్తరంలో ఈ ముత్యాల్లాంటి దస్తూరీ ఎవరావిడది? ఉంగరం ఆవిడకే తొడగమంటారా? ఇక ఈ దారం కొలతకి కావలసింది ఉంగరం కాదు, పీపాకి వేసే ఇనపపట్టీ.

చర్మం రంగు గ్లౌజు ఒకటి పంపుతున్నాను. జనానికి కనబడదు. వేసుకోకపోతే జూన్ ఇరవైన చర్చికి మీరొక్కరే వెళ్ళండి.

వినిఫ్రెడ్

తా.క.: ఆవిడకి నా నమస్కారాలు.

ఫోర్ట్ కానర్
8 జూన్

విన్నీ, నా తల్లీ,

ఆవిడా లేదు, గీవిడా లేదు. నేను చెబుతుంటే ఈ ఉత్తరాలు రాస్తున్నది వోగెల్! జట్టు మొత్తంలో కలం పట్టగలిగే వేళ్లు ఆ దరిద్రుడికే మిగిలాయి. నీ గ్లౌజు వేసుకునే ఆడాను. ఒక్కడూ గమనించలేదు. పెళ్ళి మాత్రం ఆపకు.

కోర్మాక్

తా.క. (ఇది ఆయన చెప్పింది కాదండీ, నేనే రాస్తున్నాను): ఎనిమిది వందల మంది గమనించారు. "ముత్తవ్వా!" అని అరిచారు. అయినా ఆయన గ్లౌజు తియ్యలేదు. ఉంగరం వేలు ఇక తిన్నగా అవదని డాక్టరు చెప్పాడు. అది మీకు రాయొద్దని ఆయన ఏడ్చారు. — ఎమిల్ వోగెల్

గ్లవర్స్‌విల్
13 జూన్

కోర్మాక్,

ఉంగరం కణుపు దాటకపోతే మెడలో గొలుసుకి వేస్తాను. వేలు వంకరైతే నాకేం? ఆ వంకర వేలు నాది. పెళ్ళి ఇరవైనే. వోగెల్ గారిని బెంచీ మీంచి లేపి తోడు పెళ్ళికొడుకుగా తీసుకురండి.

మీ విన్నీ

తా.క.: ఆవేళ వోగెల్ గారి చేతినుంచి లాగి దుమ్ములో పడేసిన గ్లౌజు వెతికి, మణికట్టు దగ్గర లోపల చూడండి. ఎర్రదారంతో నా గుర్తు ఉంటుంది. అది మీకు పెళ్ళికానుకగా కుట్టాను. మీరు వేసుకోడానికి సిగ్గుపడతారని, దాన్ని వోగెల్ గారికి పంపి, "ముందు మీరోసారి వేసుకుని చూపించండి" అని ఉత్తరంలో బతిమాలుకున్నాను. ఇప్పుడా దుమ్ము దులిపి, తొడుక్కుని పెళ్ళికి రండి.