అన్ని వరుసల్లోనూ ఉన్నది

అక్కకు,

తమ్ముడి నమస్కారాలు. నువ్వూ, పసివాడూ కులాసా అని బావ రాసిన ఉత్తరం చూశాక మాకు ప్రాణం లేచివచ్చింది. బాబు ఎవరి పోలిక అని అడగను. తన పోలికేనని బావ ఒక్క ఉత్తరంలోనే రెండుసార్లు రాసుకున్నాడు. ఇక్కడి క్షేమం మాత్రం ఒక్క ముక్కలో తేల్చలేను. కాస్త ఓపిగ్గా చదువు.

నా దగ్గు తగ్గింది. కంటి ఆసుపత్రిలో లెక్కలవాడికి ఏం పని అని బావ వేళాకోళం చేశాడట కదా. ఆ పని సంగతే చెబుతాను.

పోయిన నెల మా ఆసుపత్రిలో శుక్లాల ఆపరేషన్ చేయించుకున్న పదిమందికి పైగా కంట్లో చీము పట్టింది. ఏదో మందు చెడి ఉండాలి, ఏదన్నది తెలియదు. ఒకేసారి తయారైన సీసాలన్నింటి మీదా ఒకే నంబరు ఉంటుంది. ఒక్కొక్క రోగికి వాడిన సీసాల నంబర్లను ఒక్కొక్క వరుసగా కంప్యూటరులోకి ఎక్కించి, అన్ని వరుసల్లోనూ ఉన్న నంబరును ఏరి ఇమ్మన్నాను. ఒక్క వరుసలో కనబడకపోయినా ప్రోగ్రాం ఆ నంబరును వదిలేస్తుంది. వచ్చిన జవాబు ఖాళీ.

పెద్ద డాక్టరుగారు నా వెనకే నిలబడి ఉన్నారు.

"అంటే మందులది తప్పు కాదనేగా?"

"ఇప్పుడే చెప్పలేను సార్."

"కింద ఆపరేషన్లకి జనం కూర్చుని ఉన్నారయ్యా. ఖాళీ జవాబు చూపించి వాళ్లని ఇంటికి పొమ్మనలేను కదా."

ఆయన మాటా నిజమే. నంబర్లు ఎక్కించడంలో తప్పులేమైనా దొర్లాయేమోనని వెతికాను, లేవు. ఒక్కొక్క వరుసనే పక్కన పెడుతూ మళ్లీ మళ్లీ ఏరించాను. మొదట ఎవరి వరుసను తీసినా ఖాళీయే. చివరికి ఒక్క వరుసను తీసేసరికి ఒకే ఒక్క నంబరు బయటపడింది. కన్ను కడిగే మందుది.

అక్కా, ఇన్నాళ్లూ నీకు చెప్పని మాట ఇది. ఆ వరుస అమ్మది.

అమ్మ తన చేత్తో ఎందుకు రాయడం లేదని పోయిన ఉత్తరంలో నన్ను నిలదీశావు. నీకు నెలలు నిండుతున్న వేళ చెప్పొద్దని నాచేత ఒట్టు వేయించుకుంది. ఆ రోజు నేను లెక్క చేస్తుంటే, అమ్మ కుడి కంటికి కట్టుతో పై అంతస్తులోనే పడుకుని ఉంది.

ఆ నంబరును అమ్మ వరుసలో నేనే చేర్చేస్తే జవాబు వచ్చేస్తుంది. వేళ్లు మీటల దాకా వెళ్లాయి కూడా. కానీ అమ్మ కంట్లో చీముకు వేరే కారణం ఉంటే? అసలు తప్పు ఇంకెక్కడో ఉంటే? లేచి ఆపరేషన్ గది నర్సు దగ్గరకు వెళ్లాను.

"సిస్టర్, మా అమ్మ కన్ను ఏ సీసాతో కడిగారో గుర్తుందా?"

ఆమె ముందున్న రిజిస్టరు మూసింది.

"చెబితే నా ఉద్యోగం ఉంటుందా?"

"తెలీదు సిస్టర్. కింద మాత్రం జనం ఇంకా ఉన్నారు."

"మా గదిలోది సగంలో అయిపోయింది. పక్క గదిలోంచి ఒకటి తెచ్చాను. హడావిడిలో రాయలేదు." ముఖం తుడుచుకుని లేచింది. "పదండి. డాక్టరుగారికి నేనే చెబుతాను."

ఆ పక్క గది సీసాలన్నీ ఆ నంబరువే. అంతా విని డాక్టరుగారు ఫోను అందుకున్నారు. అప్పటికే మొదటి మనిషిని బల్ల మీద పడుకోబెట్టారట. దింపేశారు. ఆ తరువాత పరీక్షలో ఆ నంబరు సీసాలన్నింటిలోనూ క్రిములు తేలాయి. నర్సును మందలించి వదిలేశారు.

అమ్మ ఎడమ కంటికి ఏ ఢోకా లేదు. కుడి కంటికి వెలుగు తప్ప ఇంకేమీ ఆనడం లేదు. ఇక ఆనదని కూడా చెప్పేశారు. ఆ మాట విని నేను వరండాలోకి వచ్చి ఏడ్చాను. అమ్మ ఏడవలేదు. నీకు రాయడానికి నిన్ననే ఒప్పుకుంది.

"ఏడవొద్దని రాయి దానికి, పాలు తగ్గుతాయి. ఒంటి కంటితో చూస్తే మనవడేమన్నా సగమే కనిపిస్తాడా?" అంది.

ఇట్లు,
నీ చేత చివాట్లు తినడానికి సిద్ధంగా ఉన్న
తమ్ముడు