చీటీ లేని మాత్ర

హోసూరు,
బుధవారం ఉదయం.

బావా,

నువ్వు షిఫ్టు దిగి వచ్చి ఈ కాగితం చూసేసరికి నేను కృష్ణగిరి బస్సులో ఉంటాను. నళినిని పెద్దాసుపత్రికి తీసుకెళుతున్నాను. ఫ్యాక్టరీలో నీ లైనులో పనిచేసే అత్తిముగం ఊరి నళినే. నిన్నటి నుంచి ఆ పిల్లకు రక్తం కనబడుతోంది. ఆమెకు మూడో నెల.

ఈ సంగతి శనివారమే చెప్పి ఉంటే మనం ఇన్నాళ్ళు మాటల్లేకుండా ఉండేవాళ్ళం కాదు. ఆ రోజు ఆమె నడుం నొప్పితో నా ఫస్ట్ ఎయిడ్ రూముకు వచ్చింది. వెనకాలే నీ ఫోను. లైను ఆగిపోతోంది, ఒక నొప్పి ఇంజెక్షన్ వేసి పంపమన్నావు. డాక్టరు వచ్చేది గురువారం, ఆయన రాయనిదే నేను వేయకూడదన్నాను. ఆయనేం రాస్తాడో నీకు తెలియనిదా అన్నావు. తెలుసు బావా. ఏ నొప్పికి ఏం రాస్తాడో నాకు కంఠతా వచ్చు. కానీ రాయడం ఆయన పని, రాసింది ఇవ్వడం నా పని. నర్సు చదువులో మొదటి ఏడాదే ఈ మాట మా చెవిన వేస్తారు.

నువ్వు ఫోన్ పెట్టేశాక నళిని తలుపు దగ్గరగా వేసి నా చెయ్యి పట్టుకుంది. "అక్కా, నాకు నెల తప్పింది. లైన్లో తెలిస్తే కాంట్రాక్టు తీసేస్తారు. యాడా చెప్పొద్దక్కా, అన్నకు కూడా" అంది. ఆ అన్నవి నువ్వే. మాట ఇచ్చాను. గ్లూకోజు కలిపి తాగించి, సెలవు పెట్టి ఆసుపత్రికి పొమ్మన్నాను. సరేనంది గానీ కాసేపు పడుకుని మళ్ళీ లైనుకే పోయింది.

అప్పటి నుంచి నాకు ఏ వైపూ దారి లేదు. మేనేజరు విష్ణువర్ధన్ గారు నన్ను పిలిచి, మందులు నువ్వు ఇస్తూ పో, డాక్టరు వచ్చినప్పుడు అన్నిటికీ కలిపి సంతకం పెడతాడన్నారు. ఇచ్చాక ఏదైనా జరిగితే ఆ చెయ్యి నాది. ఇవ్వకపోతే, మొగుడి లైన్నే ముంచుతోందని నలుగురూ నవ్వుతున్నారు. ఇంటికొస్తే నువ్వు. కంచం ముందు కూర్చుని, నా మాట కంటే నీకు రూలు ఎక్కువైపోయిందా అని అడిగావు. కారణం నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే ఆ పిల్ల కూడు పోతుంది. చెప్పకపోతే నువ్వు నాకు దూరమవుతున్నావు. మదనపల్లెకు పోదామనుకున్నాను. పోయి అమ్మకు ఏమని చెప్పను?

ఇందాక నళినే ఫోన్ చేసి, ఇంక దాచి ఏం చేసేది, అన్నకు చెప్పెయ్యమంది. ఏమైనా మింగావా అని అడిగాను. "నువ్విచ్చింది తప్ప ఏమీ లేదక్కా" అంది. నేనిచ్చింది గ్లూకోజు నీళ్ళు. మరి ఎందుకిలా అయిందో నాకు అంతు పట్టడం లేదు.

అన్నం కుక్కర్లో ఉంది.

నీ
దివ్యశ్రీ

కృష్ణగిరి,
బుధవారం సాయంత్రం.

దివ్యా,

నేను ఆసుపత్రికి వచ్చాను. నువ్వు నళినితో స్కానింగుకు వెళ్ళి ఉన్నావు. డాక్టరమ్మకు చెప్పాల్సింది చెప్పేశాను. నీకు మాత్రం ఎదురుపడి చెప్పే ధైర్యం లేక, బయట బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను.

శనివారం నువ్వు కాదన్నావన్న కోపంతో జూజువాడిలో మెడికల్ షాపుకు పోయాను. నడుం నొప్పి అన్నాను, అంతే. షాపువాడు డాక్టరు చీటీ అడగలేదు, ఎవరికని అడగలేదు, నొప్పి మాత్రల పట్టీ చేతిలో పెట్టాడు. తెచ్చి నళినికి ఇచ్చాను. ఆమె మాత్రను చూసి, నన్ను చూసి, "అక్క ఇచ్చిందా అన్నా?" అని అడిగింది. అవునన్నాను.

ఆ మాట మీదే మింగింది దివ్యా. సోమవారం కూడా నేనే ఇచ్చాను.

ఆ పట్టీని డాక్టరమ్మకు చూపించాను. అందులో ఏముందో చదివి రాసుకుంది. విష్ణువర్ధన్ గారికి ఫోన్ చేసి జరిగింది చెబితే, నర్సు ఇచ్చిందని రాసిస్తే నా మీదికి ఏమీ రాదన్నారు. కొన్నది నేను, ఇచ్చింది నేను అని రాసి పంపాను. రేపటి నుంచి నన్ను పనికి రావద్దన్నారు.

ఈ ఉత్తరం నళిని వాళ్ళమ్మ నంజమ్మ చేతికి ఇస్తున్నాను. ఎవరు నువ్వని అడిగింది. నళినితో పనిచేస్తానన్నాను. "నా బిడ్డ కోసరం అంత దూరం నుంచి వచ్చినావా అప్పా, కాఫీ తాగి పో" అంది. తాగలేకపోయాను.

గోపీచంద్

కృష్ణగిరి,
గురువారం.

బావా,

స్కానింగులో బిడ్డ గుండె కొట్టుకోవడం కనిపించింది. రక్తం తగ్గింది. కొన్నాళ్ళు మంచం దిగకూడదన్నారు. నీ మాత్ర వల్లే ఇలా అయిందని డాక్టరమ్మ అనలేదు, కాదనీ అనలేదు.

నా పేరు చెప్పి ఇచ్చావన్నది చదివాక నిన్న నీకు ఫోన్ చేయాలనిపించలేదు. ఇప్పటికీ ఆ మంట చల్లారలేదు. మేనేజరుకు నువ్వు రాసిచ్చింది మంచి పనే. దానితో ఇది చెల్లిపోదు.

ఆ మాత్ర నేను పంపింది కాదని నళినికి చెప్పాను. ఆమె ఒకటే అడిగింది: "అన్న ఆ మాత్ర నా నొప్పి చూసి ఇచ్చినాడా, లైను నిలిచిపోతాదని ఇచ్చినాడా?"

నాకు తెలుసు. అయినా నీ బదులు నేను చెప్పను. రేపు రా. నంజమ్మ కూడా ఇక్కడే ఉంటుంది. ఇద్దరి ముందూ నువ్వే చెప్పు. వాళ్ళు ఏమన్నా పడాలి.

నేను మంచం పక్కనే ఉంటాను.

దివ్యశ్రీ