చూరులో దోపిన గ్లాసు

అమ్మా,

నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున చర్చిలో నీ పేరున ప్రార్థన చేశారు. ఇంటికొచ్చేసరికి వాకాడు సుబ్బమ్మగారు మన గుమ్మం ముందు నిలబడి ఉన్నారు. మిషను ఆస్పత్రి నుంచి అంతదూరం నడిచి వెళ్ళి, మూడు కాన్పులకూ పురుడు పోశావే, ఆవిడే. ఇప్పుడు ఆ దారికి బస్సు పడింది.

కొంగు చాటు నుంచి ఇత్తడి గ్లాసు తీశారు. చిన్నప్పుడు నీ వెంట వాళ్ళింటికి వచ్చేదాన్ని కదా, చూడగానే గుర్తుపట్టాను. మన కులం వాళ్ళకని వాళ్ళ చూరులో విడిగా దోపి ఉంచి, నీకు పైనుంచి నీళ్ళు పోసిన గ్లాసు.

"మీ యమ్మది పాపా. ఇంకెవురినీ ముట్టుకోనీలా. నీకిద్దామని తోమి తెచ్చినా" అంటూ ఏడ్చారు.

అది గౌరవమో అవమానమో నాకు అర్థం కాలేదు. నువ్వైతే నవ్వుతూ తాగి, వాళ్ళకోసం ప్రార్థన చేసి వచ్చేదానివి.

"గొంతెండిపోతా ఉంది. రవ్వన్ని మంచినీళ్ళియ్యి" అన్నారు. ఆ గ్లాసుతోనే ఇచ్చాను. ఒక్క క్షణం దానివంక చూసి, గడగడా తాగేశారు.

నీలాగా దాహం తీర్చానో, కోపం తీర్చుకున్నానో తెలియడం లేదు. దీన్ని మన గ్లాసుల్లో కలిపేస్తే నీ గుర్తు పోతుంది. విడిగా దాచుకుందామంటే, నేనూ విడిగానే పెట్టినట్టవుతుంది. ఎటూ తేలక, గ్లాసు ఒళ్ళో పెట్టుకుని రాస్తున్నాను.