గడపలో మేకు

ఆదివారం, రాత్రి

నా మనసు కాస్త మళ్లుతుందని ఆయన ఇవాళ బరంపురంలో సినిమాకి తీసుకెళ్లారు. కథ ఏమిటో కనుక్కోలేదు పాపం. పొలాల మధ్య ఒంటరి ఇల్లు, అందులో ఒక కుటుంబం. చనిపోయిన కూతురు రాత్రిళ్లు వచ్చి తలుపు తడుతుంది. తల్లీ తండ్రీ మంచం అడ్డంపెట్టి వణుకుతుంటే హాలంతా కేకలు. నాకు మాత్రం ఆ తల్లి మీద ఒళ్లు మండింది. తలుపు తియ్యదేం?

మాదీ చికిటి ఊరి బయట పొలాల్లో ఒంటరి ఇల్లే. జ్వరంతో పోయిన మా బుజ్జిని పూడ్చి వచ్చిన రోజు అత్త గడపలో ఇనుప మేకు కొట్టించింది.

"సిన్నపిల్ల కదే, అమ్మ కోసం తిరిగొచ్చెస్తాది. మేకుంటే గడప దాటలేదు" అంది.

ఇవాళ బస్సు దిగి రాగానే పటకారు తీసుకుని గడప దగ్గర కూర్చున్నాను. పసుపు గీకి చూస్తే మేకు లేదు. మైనం కూరిన చిల్లు ఉంది.

"ఏటెతుకుతన్నావు?" అన్నారు ఆయన వెనక నుంచి. చెప్పాను. వచ్చి నా పక్కన కూర్చున్నారు.

"మర్నాడే పీకీసినాను. మాయమ్మకి సెప్పకు."

రోజూ తలుపు గడియ మరిచిపోతున్నారని ఆయన్ని ఎంత విసుక్కున్నానో. ఇవాళ కూడా వెయ్యకుండానే పడుకున్నారు.

బుజ్జి రాకపోవడానికి ఆ మేకే కారణమని ఇన్నాళ్లూ సరిపెట్టుకున్నాను. ఇప్పుడు ఏమని సరిపెట్టుకోను?